ప్యాకేజీ వెర్షన్‌లో తేదీ పెట్టాలా? పెడితే ఏ వరుసలో?

జీడితోట (పలాస)

అందరికీ నమస్కారం. పలాస, కాశీబుగ్గ వైపు జీడిపప్పు వ్యాపారులకి తూకం, బిల్లు, స్టాకు చూసుకునే ప్రోగ్రామ్ రాసి ఇస్తున్నాను. కొన్ని షాపుల్లో డెబియన్ (లినక్స్‌లో ఒక రకం) మీద నడుస్తోంది, మిగతా చోట్ల విండోస్. ప్రస్తుతం వెర్షన్ 1.4.2.

గుమస్తా ఫోన్ చేసి "బిల్లు తేడా వస్తందండి" అంటే ముందు వెర్షన్ చదవమంటాను. 1.4.2 అని చదువుతాడు. అది ఎప్పటిదో అతనికి తెలీదు, నేనూ మార్పుల చిట్టా తెరిస్తే గానీ చెప్పలేను. జీఎస్టీ రేట్లు 2025 సెప్టెంబర్ 22న మారాయి కదా, అప్పట్నుంచి ఈ ప్రశ్న రోజూ వస్తోంది: మా దగ్గరున్నది రేట్లు మారకముందుదా, తర్వాతదా?

నాతో పనిచేసే కుర్రాడు వెర్షన్‌గా తేదీయే పెట్టీమంటున్నాడు. 04.11.2025 అని. చూడగానే ఎవరికైనా అర్థమవుతుంది. నాకూ నచ్చింది, కానీ ఒకసారి మొదలెడితే వెనక్కి రాలేమేమో అని ఆగాను. పెద్దలు చెప్పండి.

కోటజంక్షన్ (విజయనగరం)

పెట్టండి, నిశ్చింతగా పెట్టండి. ఉబుంటు (డెబియన్ నుంచి పుట్టిన లినక్స్) మొదటి విడుదల 2004 అక్టోబర్‌లో వచ్చింది, దాని వెర్షన్ 4.10. అప్పట్నుంచి ఏడాది, నెల అనే పద్ధతే. 24.04 అనగానే 2024 ఏప్రిల్‌ది అని తెలుస్తుంది. దీర్ఘకాల మద్దతు ఉన్నది కాబట్టి అయిదేళ్లు కలిపితే 2029 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయని నోటి లెక్కలో చెప్పీవచ్చు. నేను చూసుకునే సర్వర్లలో ఏది మార్చాలో ఏది ఆగొచ్చో ఆ నంబరు చూసే తేలుస్తాను. లిబ్రెఆఫీస్ అనే ఆఫీసు సాఫ్ట్‌వేర్ కూడా 7.6 తర్వాత ఒక్కసారిగా 24.2 కి దూకింది. పైథాన్ భాషలో ప్యాకేజీలు ఎక్కించే పిప్ 2018లో 10 నుంచి 18.0 కి వెళ్లింది. ఇంతమంది ఊరికే మారలేదు.

మాస్టారు_డెబ్ (రాజాం)

తేదీ పెట్టాలా వద్దా అన్నది తర్వాత మాట్లాడుకుందాం. 04.11.2025 మాత్రం పెట్టకండి.

డెబియన్‌లో వెర్షన్లని పోల్చేది డిపికెజి, అంటే ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్. అది ఎడమ నుంచి కుడికి చదువుతుంది. అంకెల గుంపు వస్తే సంఖ్యగా, అక్షరాలు వస్తే అక్షరాలుగా పోలుస్తుంది. మీరు సెప్టెంబర్ 28న ఒకటి, నవంబర్ 4న ఒకటి విడుదల చేశారనుకోండి. 28.09.2025, 04.11.2025. దానికి ముందు కనిపించేవి 28, 4. ఇరవై ఎనిమిదే పెద్దది. కాబట్టి సెప్టెంబర్‌దే కొత్తదని తేల్చి, నవంబర్‌ది అప్‌గ్రేడ్‌గా తీసుకోదు. షాపులో ఎవరికీ ఏ ఎర్రరూ కనిపించదు. పాతదే నడుస్తూ ఉంటుంది. ఎర్రరు కనిపించకపోవడమే ఇందులో అసలు ప్రమాదం.

నెల పేరు అక్షరాల్లో రాసినా అంతే. డెబియన్ పాలసీ మాన్యువల్‌లో దీనికి విడిగా ఒక భాగమే ఉంది. అందులో ఉదాహరణ 1996 నాటిది: మే 1న వచ్చినదాన్ని డిసెంబర్ 24న వచ్చినదానికంటే కొత్తదని డిపికెజి అనుకుంటుంది, ఎందుకంటే ఇంగ్లిష్ అక్షరాల్లో ‘డి’ ముందు, ‘ఎం’ వెనక. అందుకే అక్కడ సూటిగా చెప్పారు: నాలుగంకెల ఏడాది ముందు, తర్వాత రెండంకెల నెల, తర్వాత రెండంకెల రోజు. మధ్యలో గుర్తు కావాలంటే చుక్క మంచిది. అడ్డగీత పెడితే డెబియన్‌లో దానికి వేరే అర్థం ఉంది. చివరి అడ్డగీత తర్వాతది ప్యాకేజీ రివిజన్ (అదే వెర్షన్‌ని ఎన్నోసారి ప్యాక్ చేశారో చెప్పే సంఖ్య) అవుతుంది. 2025-11-04 అని పెడితే మీ రోజు కాస్తా రివిజన్ అయిపోతుంది.

జీడితోట (పలాస)

మాస్టారూ, ధన్యవాదాలు. నేను సాయంత్రం కూర్చుని మీరు చెప్పినట్టే డిపికెజితో రెండు వెర్షన్లు పోల్చి చూశాను. 28.09.2025 నే పెద్దదంది. 2025.11.04, 2025.09.28 ఇస్తే సరిగ్గా చెప్పింది. కుర్రాడికి కూడా చూపించాను. అయితే చుక్కల్లేకుండా 20251104 అని పెడితే ఏమైనా తేడానా?

మాస్టారు_డెబ్ (రాజాం)

రెండూ వరుసలోనే ఉంటాయి. సర్టిఫికెట్ల ప్యాకేజీ, లినక్స్ ఫర్మ్‌వేర్ రెండూ ఎనిమిదంకెల తేదీతోనే వస్తాయి. కానీ ఏదో ఒకటి ఎంచుకుని దానికే కట్టుబడాలి. ఎనిమిదంకెల్లో మొదలెట్టి తర్వాత చుక్కల్లోకి మారితే మొదటి సంఖ్య 20251104 ఒకవైపు, 2025 ఇంకోవైపు. రెండు కోట్లు పెద్దదా, రెండు వేలు పెద్దదా? మీ కొత్త ప్యాకేజీలన్నీ పాతవైపోతాయి. 25.11 నుంచి 2025.11 కి వెళ్లొచ్చు. 2025.11 నుంచి 25.11 కి రాలేరు.

ఒకే రోజు రెండోది విడుదల చేయాల్సి వస్తే 2025.11.04.1 అని చివర్లో చేర్చండి, అది 2025.11.04 కంటే కొత్తదిగానే లెక్క. సున్నాల విషయం కూడా చూసుకోండి. డిపికెజికి 2025.05.1, 2025.5.1 రెండూ సమానం. ఒకసారి సున్నాతో, ఒకసారి సున్నా లేకుండా రాయకండి.

టెక్కలి_బిట్స్

పైథాన్ వాళ్లకి ఈ సున్నా సంగతి ఇంకోలా తగులుతుంది. వాళ్ల నియమాల ప్రకారం ముందున్న సున్నా తీసేసి రాస్తారు. సర్టిఫై అనే ప్యాకేజీ తేదీ వెర్షన్లతోనే వస్తుంది. 2024 ఫిబ్రవరి 2న వచ్చినది 2024.2.2 గా కనిపిస్తుంది. ఎన్‌పిఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీలు తెచ్చే ప్రోగ్రామ్) అయితే సెమ్‌వెర్ మీద నడుస్తుంది, అంటే పెద్ద మార్పు, చిన్న మార్పు, దిద్దుబాటు వరుసలో నంబర్లిచ్చే పద్ధతి. ఆ నియమంలో ముందు సున్నా ఉండకూడదు, 2025.04.1 అంటే చెల్లని వెర్షన్.

కానీ నా అసలు అభ్యంతరం ఇది కాదు. అన్నా, తేదీ వయసు చెప్తుంది, అంతే. ఏం విరిగిందో చెప్పదు. నేను వేరేవాళ్ల లైబ్రరీ (ఇతర ప్రోగ్రాములు వాడుకునే కోడ్) మీద ప్రోగ్రామ్ రాస్తాను. దాని వెర్షన్ 3.2 నుంచి 3.3 కి వెళ్తే నా కోడ్ నడవాలి, 4.0 కి వెళ్తే నేను జాగ్రత్తపడాలి. సెమ్‌వెర్ ఇచ్చే మాట అదే. 2025.09 నుంచి 2025.11 కి వెళ్తే నాకేం అర్థమవుతుంది? రెండు నెలలు గడిచాయని. ఆ రెండు నెలల్లో ఒక ఫంక్షన్ తీసేశారా, ఒక స్పెల్లింగే దిద్దారా? ఎన్‌పిఎంలో అయితే మరీ కష్టం. మొదటి సంఖ్యని పెద్ద మార్పుగా చూస్తుంది కాబట్టి 2025 లోపల ఏది వచ్చినా సురక్షితమనుకుని తెచ్చేసుకుంటుంది, జనవరి 1 తర్వాత వచ్చిన చిన్న దిద్దుబాటుని మాత్రం గడప దాటనివ్వదు. మార్పు ఎంతదో క్యాలెండర్‌ని అడిగితే ఎలా తెలుస్తుంది?

కోటజంక్షన్ (విజయనగరం)

తమ్ముడూ, లైబ్రరీకి నువ్వు చెప్పింది సరే. ఈయన ఇచ్చేది లైబ్రరీ కాదు, షాపులో కూర్చుని వాడే ప్రోగ్రామ్. దాని మీద ఇంకెవరూ కోడ్ రాయడం లేదు. అక్కడ ‘ఏం విరిగింది’ అన్న ప్రశ్న నంబరుతో తీరదు, మార్పుల చిట్టా చదివి చెప్పాల్సిందే. గుమస్తాకి కావలసింది ‘ఇది కొత్తదా?’ అన్నదొక్కటే.

టెక్కలి_బిట్స్

అలాగంటే డేటాబేస్ నిర్మాణం మారిన విడుదల ఏదో కూడా గుమస్తాకి తెలియాలి కదా. పాత బ్యాకప్ కొత్త ప్రోగ్రామ్‌లోకి ఎక్కుతుందా ఎక్కదా అన్నది 1.x, 2.x చూస్తే తెలుస్తుంది. తేదీల్లో ఆ గీత కనిపించదు.

బొబ్బిలి_బైట్

విండోస్ షాపులున్నాయన్నారు కాబట్టి ఒక మాట. ఎంఎస్ఐ ఇన్‌స్టాలర్‌లో మొదటి సంఖ్య 255 దాటకూడదు, రెండోదీ అంతే, మూడోది 65535 వరకు. 2025 మొదటి స్థానంలో పెట్టలేరు. 25.11 అయితే పడుతుంది. మూడో స్థానంలో నెల, రోజు కలిపి 1104 అన్నా పడుతుంది, పూర్తి తేదీ 251104 పట్టదు. అప్‌గ్రేడ్ చేసేటప్పుడు మొదటి మూడే చూస్తుంది, నాలుగోది పట్టించుకోదు. కాబట్టి ఒకే రోజు రెండో విడుదలకి నాలుగో సంఖ్య మార్చి పంపితే అది కొత్తదని గుర్తించదు.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

ఆండ్రాయిడ్ వైపు నుంచి నేను చెప్తాను, ఎందుకంటే ఇక్కడ తేదీ చాలా బాగా పనిచేస్తుంది, ఒకే ఒక్క చోట గొంతు పట్టుకుంటుంది.

యాప్‌కి రెండు వెర్షన్లుంటాయి. జనానికి కనిపించే పేరు ఒకటి, లోపల పోల్చే పూర్ణసంఖ్య ఒకటి. ప్లే స్టోర్‌లో ఆ సంఖ్య 210,00,00,000 దాటకూడదు. ఏడాది నాలుగంకెలు, నెల, రోజు, ఆ రోజు వరుస సంఖ్య రెండంకెలు పెడితే 2025110401 అవుతుంది. హద్దు లోపలే ఉంది. 2099 డిసెంబర్ 31 వరకు లోపలే ఉంటుంది. కానీ కొందరు ఏడాదిని రెండంకెలకి కుదించి గంట, నిమిషం చేరుస్తారు: 2511041830. ఇది కూడా పదంకెలే, చూపుకి తేడా తెలీదు. హద్దు దాటిపోయింది.

ఇలాంటిదే 2022 జనవరి 1న ప్రపంచమంతా చూసింది. మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్లలో మాల్‌వేర్ స్కాన్ చేసే భాగం తన అప్‌డేట్ నంబరుని రెండంకెల ఏడాదితో మొదలయ్యే పదంకెల తేదీగా రాసేది. 2021 చివర్లో ఆ నంబరు 211 కోట్ల చిల్లరలో ఉంది. 32 బిట్ల చిహ్నిత (ప్లస్, మైనస్ గుర్తు ఉండే) సంఖ్యలో పట్టే గరిష్ఠం 2147483647. కొత్త సంవత్సరం నాడు నంబరు 2201010001 అయింది. పట్టలేదు. స్కానర్ ఆగిపోయి మెయిళ్లు క్యూలో నిలిచిపోయాయి. ఏడాది నాలుగంకెల్లో రాసి ఉంటే 2022010101 అయ్యేది, హాయిగా పట్టేది. రెండంకెలు మిగిల్చుకుందామని పోతే సంఖ్య ఇంకా పెద్దదైంది. ఈ లెక్క నేను మా టీమ్‌లో కొత్తగా వచ్చే ప్రతివాళ్లతో కాగితం మీద చేయిస్తాను.

మాస్టారు_డెబ్ (రాజాం)

చాలా మంచి ఉదాహరణ అమ్మా. డీఎన్ఎస్ (వెబ్‌సైట్ పేర్లకి చిరునామాలు చూపే వ్యవస్థ) జోన్ ఫైళ్ల సీరియల్ నంబరు కూడా ఇలాంటి పదంకెల తేదీయే, కానీ ఏడాది నాలుగంకెలు. అది చిహ్నం లేని 32 బిట్ల సంఖ్య కాబట్టి మన కాలానికీ మన మనవల కాలానికీ ఇబ్బంది లేదు.

పొందూరు_నూలు

నేను కోడ్ రాసేదాన్ని కాదు, లెక్కలు చూసేదాన్ని. నా క్లయింట్లలో జీడిపప్పు వాళ్లున్నారు కాబట్టి అడుగుతున్నాను. 25.11 అని ఉంటే నేను 11వ నెల అనుకోవాలా, 11వ విడుదల అనుకోవాలా?

టెక్కలి_బిట్స్

సరిగ్గా అడిగారు మేడమ్. ఉబుంటులో రెండో సంఖ్య నెల. పిప్‌లో కాదు. పిప్ 25.1 అంటే 2025లో రెండో ప్రధాన విడుదల, అది ఏప్రిల్‌లో వచ్చింది. జెట్‌బ్రెయిన్స్ ఎడిటర్లలో 2025.1 కూడా వరుస సంఖ్యే. ఉబుంటు 24.04.1 లో ఆ చివరి 1 రోజు కాదు, ఆగస్టులో వచ్చిన మొదటి సవరణ విడుదల. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. మీలాంటివాళ్లకి చూడగానే అర్థం కావాలనే తేదీ పెట్టాలంటున్నారు, తీరా అర్థం కావడానికి ఇంత వివరణ కావలసి వస్తోంది.

కోటజంక్షన్ (విజయనగరం)

విండోస్ 10 లో ఇది బాగా బయటపడింది. 2020లో వచ్చిన ఒక విడుదలకి పద్ధతి ప్రకారం 2003 అని పేరు రావాలి. అదే పేరుతో పాత సర్వర్ విండోస్ ఉంది కాబట్టి 2004 అన్నారు. అదీ ఏడాదిలాగే ఉంది. తర్వాతది 20హెచ్2, అంటే 2020 రెండో సగం. నేను తేదీల పక్షమే, కానీ నాలుగంకెల ఏడాది ఉంటే ఈ గందరగోళం వచ్చేదే కాదు.

ఆలస్యం గురించి కూడా చెప్పీయాలి. ఉబుంటు 6.04 రావలసింది, ఆరు వారాలు ఆలస్యమై జూన్‌లో 6.06 గా వచ్చింది. పేరు మార్చుకున్నారు, బాగుంది. కానీ 6.04 అని ముందే రాసిపెట్టుకున్నవాళ్లందరూ దిద్దుకోవాలి. కాబట్టి వెర్షన్ ముందే ప్రకటించకండి, విడుదల రోజునే వెయ్యండి.

నాగావళి_ఒడ్డు (శ్రీకాకుళం)

విడుదల రోజు అన్నారు కదా, ఏ ఊరి రోజు? ప్రోగ్రామ్‌ని తయారుచేసే బిల్డ్ సర్వర్ సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. మనం దానికంటే అయిదున్నర గంటలు ముందు. నవంబర్ 1 తెల్లవారుజామున రెండు గంటలకి ఇక్కడ బటన్ నొక్కితే దానికి ఇంకా అక్టోబర్ 31 రాత్రి ఎనిమిదిన్నరే. మీరు నవంబర్‌ది అంటారు, ఫైలు అక్టోబర్‌ది అంటుంది. బిల్డ్ చేసిన క్షణం తీసుకోవడం మానేసి, గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే చోట) ఆ కమిట్ (నమోదు చేసిన మార్పు) తేదీని యూటీసీలో తీసుకోండి. అప్పుడు అదే కోడ్‌ని రేపు మళ్లీ బిల్డ్ చేసినా అదే వెర్షన్ వస్తుంది.

జీడితోట (పలాస)

చాలా విషయాలొచ్చాయి, నెమ్మదిగా చదువుతున్నాను. వెనక్కి రావడం గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. ఇవాళ 2025.11.04 అన్నాను. రెండేళ్ల తర్వాత టెక్కలి తమ్ముడు చెప్పినట్టు 2.0 అనాలనిపించింది. ఏం చెయ్యాలి?

మాస్టారు_డెబ్ (రాజాం)

డెబియన్‌లో ఎపోక్ అని ఉంది. వెర్షన్ ముందు ఒక అంకె, కోలన్. 1:2.0 అని రాస్తే, ఎపోక్ లేనివన్నీ సున్నా కింద లెక్క కాబట్టి 2025.11.04 కంటే ఇది పెద్దది. పైథాన్‌లో కూడా ఇదే ఉంది, కోలన్ బదులు ఆశ్చర్యార్థకం. అయితే ఒకసారి పెడితే తియ్యలేరు. ఆ ప్యాకేజీ బతికున్నంత కాలం ఆ 1: ఉండాల్సిందే. అందుకే చివరి మార్గంగానే వాడతారు.

యూనిటీ గేమ్ ఇంజిన్ చూడండి. 5 తర్వాత 2017 అన్నారు, 2023 దాకా ఏడాది పేర్లే. తర్వాత యూనిటీ 6 అని మళ్లీ మామూలు నంబరుకి వచ్చారు. జనానికి 6, కానీ ఎడిటర్ లోపలి వెర్షన్ 6000.0. 2023 కంటే చిన్నది రాయలేరు కాబట్టి.

జీడితోట (పలాస)

ఎపోక్ మా దగ్గర నిలవదు మాస్టారూ. ఉద్దానం ఊళ్లలో కొన్ని చోట్ల నెట్ సరిగా ఉండదు. నేను పెన్‌డ్రైవ్‌లో డెబ్ ఫైళ్లు (డెబియన్ ప్యాకేజీలు) పంపుతాను, గుమస్తా ఫైలు పేరు చూసి కొత్తది ఎక్కిస్తాడు. ఫైలు పేరులో ఎపోక్ కనిపించదు కదా. పెన్‌డ్రైవ్‌లో ఒకటి 2.0, ఒకటి 2025.11.04 ఉంటే ఎవరైనా రెండోదే కొత్తదనుకుంటారు. వాళ్లది తప్పనలేం. మెషిన్‌కి సరిపోయి మనిషికి సరిపోకపోతే నాకు ఉపయోగం లేదు.

మాస్టారు_డెబ్ (రాజాం)

నిజమే, ఫైలు పేరులో ఎపోక్ రాయరు. మీ పరిస్థితిలో అది నిజంగా పెద్ద చిక్కే. అయితే తొందరపడి తేదీలోకి దూకకండి.

పొందూరు_నూలు

నా వైపు అవసరం ఒకటి చెప్తాను. సెప్టెంబర్ 20న చేసిన అమ్మకానికి పాత రేటు, 22 నుంచి కొత్త రేటు. నవంబర్‌లో కూర్చుని సెప్టెంబర్ 20 బిల్లు మళ్లీ ప్రింట్ తీసినా పాత రేటే రావాలి. ఆడిట్‌లో నాకు కావలసింది ప్రోగ్రామ్ వయసు కాదు, ఆ బిల్లుకి ఏ రేట్ల పట్టిక వాడారు అన్నది.

జీడితోట (పలాస)

మేడమ్, మీరు ఇది చెప్పగానే నాకు దారి కనిపించింది. జీడిపప్పు డబ్బా మీద గ్రేడు వేరేగా ఉంటుంది, ప్యాక్ చేసిన తేదీ వేరేగా ఉంటుంది. డబ్ల్యూ-320 అంటే పౌనుకి సుమారు 320 పలుకులు తూగే తెల్ల గుండు. తేదీ అంటే ఎప్పుడు డబ్బాలో పోశారో. కొనేవాడు రెండూ చూస్తాడు, ఎవరూ ఒకదాని బదులు ఇంకొకటి రాయరు. నేను ప్రోగ్రామ్‌నీ రేట్ల పట్టికనీ ఒకే ప్యాకేజీలో కుక్కి, రెంటికీ ఒకే నంబరు వెయ్యాలని చూస్తున్నాను. విడగొడితే?

మాస్టారు_డెబ్ (రాజాం)

విడగొట్టండి! డెబియన్‌లో మీరు చూసే తేదీ వెర్షన్లు ఎక్కువగా ఎక్కడున్నాయో గమనించండి. సర్టిఫికెట్లు, ఫర్మ్‌వేర్, టైమ్‌జోన్ డేటా. టైమ్‌జోన్‌ది ఏడాది పక్కన ఒక అక్షరం, 2025ఎ, 2025బి ఇలాగ. ఇవి బయటి ప్రపంచం ఒక రోజున ఎలా ఉందో చెప్పే పట్టికలు. వాటిలో ‘పెద్ద మార్పు, చిన్న మార్పు’ అన్న తేడాకి అర్థం లేదు. ఎప్పటి సమాచారమన్నదే ముఖ్యం. మీ జీఎస్టీ రేట్లు, గ్రేడ్ల జాబితా సరిగ్గా ఈ జాతివే. ప్రోగ్రామ్ మాత్రం 1.4 తర్వాత 1.5.

టెక్కలి_బిట్స్

దీనికి నేను పూర్తిగా ఒప్పుకుంటాను. రేట్ల ప్యాకేజీ వెర్షన్ విడుదల తేదీ, అమల్లోకి వచ్చే తేదీ పట్టిక లోపల ప్రతి వరుసలో. ఈ రెండు తేదీలూ కలవకూడదు. రేట్లు 22న అమల్లోకి వచ్చినా మీరు ప్యాకేజీ 19నే పంపి ఉండొచ్చు.

కోటజంక్షన్ (విజయనగరం)

నేను ఇప్పటికీ ప్రోగ్రామ్‌కి కూడా తేదీయే ఇస్తాను, సర్వర్ల మీద అది నాకు ఎంతో పని తగ్గించింది. కానీ పెన్‌డ్రైవ్ సంగతి విన్నాక మీ షాపులకి ఇదే మేలనిపిస్తోంది. ఒకటి మాత్రం చెయ్యండి: ‘గురించి’ అన్న తెరలో 1.5.0 కింద కమిట్ తేదీ పెద్ద అక్షరాల్లో చూపించండి. గుమస్తా ఫోన్‌లో రెండూ చదువుతాడు.

బొబ్బిలి_బైట్

విండోస్‌లో రేట్ల పట్టికని ఎంఎస్ఐగా కట్టకండి, ఫైలుగా పంపండి. 255 గొడవే ఉండదు.

జీడితోట (పలాస)

అలాగే చేస్తున్నాను. ప్రోగ్రామ్ 1.5.0, తెర మీద కమిట్ తేదీ. రేట్లు వేరే ప్యాకేజీ, 2025.11.04, ఎప్పుడూ రెండంకెల నెల, రెండంకెల రోజు, చుక్కలు. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో ‘రేట్లు 2025.11.04’ అని ప్రింట్ అవుతుంది, పొందూరు మేడమ్ ఆడిట్‌కి పనికొస్తుంది.

చివరిగా ఒక్కటి. 1.5.0 పూర్తి కాకముందు కొన్ని షాపులకి టెస్ట్ కాపీ ఇవ్వాలి. దానికి తేదీ కావాలి, ఎందుకంటే రోజుకొకటి మారుతుంది. 1.5.0.20251106 అని పెడితే, అసలు 1.5.0 వచ్చినప్పుడు చిన్నదైపోతుంది కదా?

మాస్టారు_డెబ్ (రాజాం)

అవుతుంది. చుక్క బదులు టిల్డే గుర్తు పెట్టండి: 1.5.0~20251106. డిపికెజి లెక్కలో టిల్డే అన్నిటికంటే ముందు, ఏమీ లేనిదానికంటే కూడా ముందు. కాబట్టి ఇది 1.4.2 కంటే కొత్తది, 1.5.0 కంటే పాతది. రేపటిది 1.5.0~20251107, అది ఇవాళ్టిదానికంటే కొత్తది. అసలు 1.5.0 వచ్చిన రోజున టెస్ట్ కాపీలన్నీ వాటంతటవే దాని మీదికి వస్తాయి.

జీడితోట (పలాస)

పోల్చి చూశాను, మూడూ సరిగ్గా వరుసలో వచ్చాయి. కాశీబుగ్గలో రెండు షాపులు టెస్ట్ కాపీ ఎక్కించుకోవడానికి ఒప్పుకున్నాయి, రేపు వెళ్తున్నాను. పాత సెప్టెంబర్ బిల్లులు కొన్ని మళ్లీ ప్రింట్ తీసి రేట్లు చూసి ఇక్కడే పెడతాను.